దేవుడి దయ ఉంటే మళ్లీ వస్తానన్నాడు

ఆదివారం, మన్రోవియా

లైబీరియా రాజధాని మన్రోవియా విమానాశ్రయం మన్రోవియాలో ఉండదు. ఊరికి యాభై కిలోమీటర్లకు పైనే, హార్బెల్ అనే చోట, రబ్బరు తోటల పక్కన ఉంటుంది. ఎల్లో ఫీవర్ కార్డు చూపించి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని బయటపడేసరికి చీకటి పడింది. మా బాబాయిగారి అబ్బాయి కారు తెచ్చాడు. అమలాపురం వాడు. ఇక్కడ బియ్యం దిగుమతి చేసే ఒక కంపెనీలో లెక్కలు చూస్తాడు.

"ఇక్కడ బీచి తప్ప చూడ్డానికి ఏముందన్నయ్యా?" అన్నాడు సామాను డిక్కీలో పెడుతూ.

తిరుగుబాటు నడిపి, తర్వాత ఎన్నికల్లో గెలిచి ఈ దేశానికి అధ్యక్షుడైన చార్లెస్ టేలర్ ఎక్కిన దారి, దిగిన దారి చూడాలని చెప్పాను. వాడు చుట్టూ ఒకసారి చూసుకుని, "ఆ పేరు మరీ గట్టిగా అనకు. వినేవాడు ఎటువైపు వాడో మనకేం తెలుసు" అన్నాడు.

ఆ పేరుకి ఈ ఎయిర్‌పోర్టుతో పాత సంబంధం ఉంది. 2003 ఆగస్టు 11న అధ్యక్ష పదవి వదిలేసి, "దేవుడి దయ ఉంటే మళ్లీ వస్తాను" అని చెప్పి, టేలర్ నైజీరియాకి విమానం ఎక్కింది ఇక్కడే. అన్నట్టే వచ్చాడు కూడా. 2006 మార్చి 29న ఇదే రన్‌వే మీద దిగాడు, చేతులకు బేడీలతో. ఐక్యరాజ్యసమితి తరఫున ఉన్న ఐర్లండ్ సైనికులు ఆయన్ని అప్పటికప్పుడే హెలికాప్టర్ ఎక్కించి పక్క దేశమైన సియెర్రా లియోన్‌కి తీసుకెళ్లిపోయారు. సొంతగడ్డ మీద నిలబడింది కాసేపే.

ఆ రోజుల్లో నేనొక తెలుగు పత్రిక డెస్కులో పనిచేసేవాణ్ణి. ఆఫ్రికా వార్తలకు లోపలి పేజీలో సింగిల్ కాలమ్ దొరికితే గొప్ప. టేలర్ గురించి అలా ముక్కలు ముక్కలుగా రాస్తున్నప్పుడే ఒక సంగతి బుర్రలో ఉండిపోయింది. ఏడేళ్లు దేశాన్ని తగలబెట్టిన మనిషికి 1997 ఎన్నికల్లో 75 శాతం ఓట్లు పడ్డాయి. రిగ్గింగ్ అని కొట్టిపారేయడానికీ లేదు. విదేశీ పరిశీలకులు దగ్గరుండి చూసిన ఎన్నికలవి.

సోమవారం, బుష్‌రాడ్ ఐలాండ్

పొద్దున కేకే ఎక్కి తమ్ముడి గోడౌన్‌కి వెళ్లాను. కేకే అంటే మన ఆటోనే, బజాజ్, టీవీఎస్ బళ్లే. గోడౌన్ నిండా ఉప్పుడు బియ్యం బస్తాలు, ఇండియా అని అచ్చువేసినవి. పశ్చిమ ఆఫ్రికాకు కాకినాడ రేవు నుంచి ఓడలకు ఓడలు బియ్యం వెళ్తాయని మా వైపు అందరికీ తెలుసు. అవి చేరే చోటు చూడ్డం మాత్రం ఇదే మొదలు.

బయట ఫుట్‌పాత్ మీద ఒకావిడ సాల్మన్ చేపల ఖాళీ డబ్బాతో బియ్యం కొలిచి అమ్ముతోంది. డబ్బా ముంచి, పైన గోపురంలా పోసి, జారే గింజల్ని అరచేత్తో ఆపుతూ సంచిలోకి వంచుతుంది. కొన్నవాళ్లు ఇంకొంచెం వేయమంటే గుప్పెడు తీసి సగం గుప్పెడే విదిలిస్తుంది. మా ఊరి సంతలో కొసరు అడిగినట్టే ఉంది. కసావా, అరటి ఎంత తిన్నా, అన్నం తినకపోతే ఇక్కడివాళ్లకు భోజనం చేసినట్టు కాదట. ఈ మాట మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

టేలర్ కథను నేను ఈ డబ్బా దగ్గరే మొదలుపెడతాను. 1979లో అప్పటి అధ్యక్షుడు టోల్బర్ట్ ప్రభుత్వం వంద పౌన్ల బియ్యం బస్తా ధర 22 డాలర్ల నుంచి 26కి పెంచాలనుకుంది. దేశంలో వరి సాగు పెరగాలంటే ధర పెరగాలని సర్కారు చెప్పింది. పెద్ద వరి పొలాలు ఉన్నది అధ్యక్షుడి కుటుంబానికే కదా అని జనం అన్నారు. ఏప్రిల్ 14న మన్రోవియా వీధుల్లో ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు, కనీసం నలభై మంది పోయారు. ఏడాది తిరక్కుండానే, 1980 ఏప్రిల్ 12 తెల్లవారుజామున, శామ్యూల్ డో అనే మాస్టర్ సార్జెంటు పదహారు మందిని వెంటేసుకుని అధ్యక్ష భవనంలోకి దూరి టోల్బర్ట్‌ని చంపాడు. పది రోజుల తర్వాత పదమూడు మంది పెద్దల్ని బీచిలో గుంజలకు కట్టి కాల్చేశారు. అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన నల్లజాతి కుటుంబాలు, జనాభాలో పిడికెడు, 1847 నుంచి ఏలిన ఏలుబడి అలా ముగిసింది. జనం వీధుల్లో డాన్సులు చేశారు. తర్వాత వచ్చేవాడు ఎలాంటివాడో అప్పుడు ఎవరికి పట్టింది?

టేలర్ రెండు వైపులవాడు. తండ్రి ఆ అమెరికా కుటుంబాల మనిషి, తల్లి గోలా తెగ. మన్రోవియాకి దగ్గర్లోని ఆర్థింగ్టన్‌లో 1948లో పుట్టాడు. మసాచుసెట్స్‌లో ఎకనామిక్స్ చదివాడు. డో ప్రభుత్వంలో ఆయనకు దొరికిన కుర్చీ ఏమిటంటే, అన్ని శాఖలకూ సరుకులు కొనే ఏజెన్సీకి అధిపతి. కంచే చేను మేసిందని 1983లో ఆరోపణ వచ్చింది, తొమ్మిది లక్షల డాలర్ల పైచిలుకు మాయం. అమెరికాకు పారిపోయాడు. అక్కడ 1984లో పట్టుకుని ప్లిమత్ జైల్లో పెడితే, 1985 సెప్టెంబరులో కిటికీ ఊచ కోసి, దుప్పట్లు ముడేసుకుని దిగి, మరికొందరు ఖైదీలతో పాటు పరారయ్యాడు. ఊచ కోసింది మిగతావాళ్లని, తనకు గార్డే తాళం తీశాడని, బయట కారు సిద్ధంగా ఉందని టేలర్ తర్వాత కోర్టులో చెప్పుకొచ్చాడు. అక్కడి నుంచి తేలింది లిబియాలో, గడాఫీ శిబిరంలో.

సాయంత్రం డూకోర్ హోటల్ కొండ ఎక్కాం. 1960లో కట్టిన ఎనిమిది అంతస్తుల ఫైవ్ స్టార్ హోటల్, ఇప్పుడు గోడలు మాత్రమే. కాపలావాళ్లకు కాసిని డాలర్లు చేతిలో పెడితే పైకి పోనిచ్చారు. ఈత కొలను అడుగున గడ్డి మొలిచింది. పైనుంచి వెస్ట్ పాయింట్ రేకుల ఇళ్లు, అట్లాంటిక్, రెండు వంతెనలు కనిపిస్తాయి. ఆ వంతెనల సంగతి శుక్రవారం.

మంగళవారం, గ్బాంగా

గ్బాంగాకి తారు రోడ్డు బాగుంది. కకాటా దాకా ట్రాఫిక్, తర్వాత దారంతా తాటాకు రంగు దుమ్ము, ఎర్రమట్టి ఊళ్లు. డ్రైవరు యాభై దాటిన మనిషి. ఇక్కడ పెద్దవాళ్లను ఓల్డ్ పా, ఓల్డ్ మా అంటారు, నేనూ అలాగే పిలిచాను. యుద్ధం రోజుల్లో ఈ రోడ్డు పొడవునా చెక్‌పోస్టులు ఉండేవి. అటకాయించి ఏ తెగవాడివని అడిగేవారు. ఇచ్చే జవాబు, పలికే యాస, దాన్ని బట్టే ప్రాణం. ఓల్డ్ పా ఈ విషయం స్పీడ్ బ్రేకర్ల గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

గ్బటలా దగ్గర బండి ఆపి రోడ్డు అవతల అడవి వైపు చెయ్యి చూపించాడు కానీ దిగలేదు. టేలర్ కొడుకు చకీ నడిపిన యాంటీ టెర్రరిస్ట్ యూనిట్ శిబిరం అక్కడే ఉండేది. మనుషుల్ని నీళ్లు నిండిన గుంటల్లో దించి ఉంచేవారు. ఆ హింసలకు చకీకి 97 ఏళ్ల జైలు పడింది. వేసింది అమెరికాలో మయామీ కోర్టు, 2009లో.

గ్బాంగా చూస్తే మామూలు జిల్లా కేంద్రం. పెన్‌పెన్ మోటార్‌సైకిళ్లు, సెల్‌ఫోన్ షాపులు, చర్చీలు. 1990 నుంచి నాలుగైదేళ్లు ఇది ఒక దేశానికి రాజధాని అంటే నమ్మబుద్ధి కాదు. మన్రోవియాని పశ్చిమ ఆఫ్రికా దేశాల సేన కాపాడుకుంటూ కూర్చుంటే, మిగతా దేశంలో చాలా భాగం టేలర్ చేతిలో ఉండేది. దానికి గ్రేటర్ లైబీరియా అని పేరు. సొంత మంత్రులు, సొంత రేడియో, సొంత బ్యాంకు. రాజధానిలో కొత్త నోట్లు అచ్చువేస్తే ఇక్కడ చెల్లవన్నాడు. జేజే అని పిలిచే పాత నోట్లే ఇక్కడ నడిచాయి. కలప, ఇనుప ఖనిజం, వజ్రాలు, రబ్బరు, ఏది బయటికి పోయినా ఆయనకు వాటా. అమెరికా కంపెనీ ఫైర్‌స్టోన్ హార్బెల్ తోటను మళ్లీ తెరుచుకోవడానికి 1992లో టేలర్ సర్కారుకు పన్నులు కట్టింది. తుపాకీతో వచ్చినవాడికి రసీదు పుస్తకం ఇచ్చింది ఇలాంటి లావాదేవీలేనని నా అభిప్రాయం. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదారుడు వేరు, ఎగుమతి లైసెన్సులు ఇచ్చేవాడు వేరు.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో పామ్ బటర్ కూర, అన్నం. కూర ఎర్రగా చిక్కగా ఉంటుంది, ఎండు చేప వాసన ముందొస్తుంది, కారం మన గుంటూరుకి తీసిపోదు. తింటూ ఓల్డ్ పాని అడిగాను, 97లో ఓటు ఎవరికి వేశావని.

"పపాయ్‌కే" అన్నాడు. టేలర్‌ని అప్పట్లో అలాగే అనేవారు.

"ఎందుకు?"

"ఓడిపోతే మళ్లీ అడవిలోకి పోతాడుగా" అన్నాడు, చేప ముల్లు తీసి పక్కన పెడుతూ.

అప్పట్లో కుర్రాళ్లు వీధుల్లో పాడిన నినాదం ప్రపంచమంతా తెలుసు. మా అమ్మను చంపాడు, మా నాన్నను చంపాడు, అయినా ఓటు ఆయనకే. బయటివాళ్లు దీన్ని పిచ్చి అనుకున్నారు. పోరు నష్టం, పొందు లాభం అని లెక్కేసుకున్న జనం మాట అది. ఆ లెక్కకు తోడు దేశమంతా వినబడే రేడియో ఆయనది, పంచడానికి బియ్యం, డబ్బు ఆయన దగ్గర. రెండో స్థానంలో వచ్చిన ఎలెన్ జాన్సన్ సర్లీఫ్‌కి పది శాతం కూడా రాలేదు.

బుధవారం, గాంటా

గినీ సరిహద్దు ఊరు. నింబా కౌంటీలో పెద్ద బజారు. ఎండ మాడ్చేస్తోంది, గది దొరకడానికి రెండు గంటలు పట్టింది.

టేలర్ దండు మొదట అడుగుపెట్టింది ఈ నింబాలోనే, ఐవరీ కోస్ట్ వైపు నుంచి, బుటువో అనే సరిహద్దు ఊరి దగ్గర, 1989 డిసెంబరు 24న. వంద, నూటయాభై మంది. అంత చిన్న గుంపు ఆరేడు నెలల్లో రాజధాని పొలిమేరకు చేరిందంటే తోవ వేసింది డోనే. 1985 నవంబరులో నింబాకి చెందిన క్విఒంక్పా అనే సేనాని తిరుగుబాటు చేసి విఫలమయ్యాడు. డో సొంత తెగ క్రాన్ సైనికులు నింబాలోని గియో, మానో తెగల జనం మీద పడి పగ తీర్చుకున్నారు. నాలుగేళ్ల తర్వాత టేలర్ వచ్చేసరికి ఇక్కడి కుర్రాళ్లు కత్తులు పట్టుకుని తామే ఎదురెళ్లారు. తల్లిదండ్రులు పోయిన పిల్లలతో స్మాల్ బాయ్స్ యూనిట్ తయారైంది. పదేళ్ల వయసు, చేతిలో ఏకే-47. కొత్త ఏడాది మొదట్లో టేలర్ బీబీసీ రేడియోకి ఫోన్ చేసి యుద్ధం తనదేనని చెప్పుకున్నాడు. ఆ గొంతు మొదటిసారి విన్నది అప్పుడేనని గదిలిచ్చిన హోటలాయన అన్నాడు.

ఊళ్లో ఎక్కువగా కనిపించే బొమ్మ టేలర్‌ది కాదు, ప్రిన్స్ జాన్సన్‌ది. నింబా బిడ్డ. టేలర్ నుంచి విడిపోయి సొంత ముఠా కట్టుకున్నాడు. 1990 సెప్టెంబరు 9న మన్రోవియా రేవులో డోని పట్టుకుని, తాను బీరు తాగుతూ చెవులు కోయించి, అదంతా వీడియో తీయించాడు. డో ఆ దెబ్బలతోనే పోయాడు. ఆ వీడియో బజార్లో అమ్ముడైంది. జాన్సన్ తర్వాత పాస్టరయ్యాడు, 2005 నుంచి నింబా సెనేటరుగా గెలుస్తూ వచ్చాడు, 2024 నవంబరులో పదవిలో ఉండగానే చనిపోయాడు. అధ్యక్ష ఎన్నికల్లో ఈయన మద్దతు కోసం అందరూ గాంటా దాకా వచ్చేవారు. మన దగ్గర ఫ్యాక్షన్ రోజుల నుంచి ఎమ్మెల్యేలైనవాళ్లను చూసినవాణ్ణి కాబట్టి ఆశ్చర్యం తక్కువే, కానీ వీడియో సాక్ష్యం ఉండి కూడా కేసు లేకపోవడం వేరే సంగతి.

గురువారం

మళ్లీ మన్రోవియాకి. ఏసీ పనిచేయని కారు, ఎర్ర దుమ్ము. పడుకున్నాను.

శుక్రవారం, సింకోర్, కాంగో టౌన్

టబ్మన్ బులేవార్డ్ పొడవునా నడిచాను. సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చి ఆవరణలో సిమెంటు మీద తెల్ల నక్షత్రం గుర్తు ఉంది. 1990 జులై 29 రాత్రి ఇక్కడ తలదాచుకున్న గియో, మానో జనం సుమారు ఆరు వందల మందిని డో సైనికులు చంపారు. ఆ నక్షత్రం సామూహిక సమాధికి గుర్తు. ఆ ప్రక్కనే స్కూలు పిల్లలు యూనిఫారాల్లో ఐస్ తింటూ పోతున్నారు. దీనిమీద ఒక మాజీ సైనికాధికారి బాధ్యుడని తేల్చింది 2021లో ఫిలడెల్ఫియాలోని కోర్టు. ఒక తిరుగుబాటు కమాండర్‌కి శిక్ష వేసింది స్విట్జర్లాండ్, ఇంకొకరికి ఫ్రాన్స్. లైబీరియాలో మాత్రం యుద్ధ నేరాల మీద ఒక్క విచారణా జరగలేదు.

దారిలో చేపల మార్కెట్ దగ్గరి మైదానం. 2003లో ఆడవాళ్లు తెల్ల టీషర్టులు వేసుకుని, క్రైస్తవులూ ముస్లింలూ కలిసి, ఎండలో వానలో కూర్చున్న చోటు. రోజూ టేలర్ కాన్వాయ్ అటే పోయేది. ఆ ఉద్యమాన్ని నడిపిన లేమా గ్బోవీ తర్వాత బృందంతో ఘనా వెళ్లి, శాంతి చర్చల హాలు గుమ్మానికి అడ్డంగా కూర్చుని, ఒప్పందం అయ్యేదాకా ఎవర్నీ బయటికి పోనివ్వమన్నారు. గార్డులు అరెస్టు చేస్తామంటే, అక్కడే బట్టలు విప్పేస్తానని బెదిరించారు. కన్నతల్లి వయసు ఆడది అలా చేస్తే శాపమని అక్కడి నమ్మకం. గార్డులు వెనక్కి తగ్గారు. 2011లో నోబెల్ శాంతి బహుమతి తీసుకున్న ముగ్గురిలో ఈమె ఒకరు.

కాంగో టౌన్‌లో టేలర్ ఇల్లు వైట్ ఫ్లవర్ ఎత్తైన గోడ వెనక ఉంది. ఫోటో తీయబోతే తమ్ముడు చెయ్యి పట్టుకుని ఆపాడు. అక్కడ కూల్‌డ్రింకులు అమ్మే ఆమె నన్ను చూసి, "ఇండియన్ పోలీస్ లేడీస్ దేశం వాడివా?" అంది. 2007 నుంచి 2016 దాకా సీఆర్పీఎఫ్ మహిళా దళం ఐక్యరాజ్యసమితి తరఫున కాంగో టౌన్‌లోనే మకాం ఉండేది. పూర్తిగా ఆడవాళ్లతో అలాంటి దళం ఐక్యరాజ్యసమితికి అదే మొదటిది. "వాళ్లున్నప్పుడు రాత్రిపూట దొంగల టెన్షన్ ఉండేది కాదు" అని డబ్బులు తిరిగిచ్చింది.

ఇక వంతెనలు. గెలిచాక కూడా టేలర్ పాలించింది గ్బాంగా పద్ధతిలోనే. 1999లో గినీ వైపు నుంచి లర్డ్ అనే తిరుగుబాటు దండు బయల్దేరింది. ఐక్యరాజ్యసమితి వజ్రాల మీద, తర్వాత కలప మీద ఆంక్షలు పెట్టింది. 2003 జూన్ 4న టేలర్ ఘనాలో శాంతి చర్చల సభలో ఉండగానే, పక్క దేశంలో జరిగిన యుద్ధ నేరాలను విచారించే సియెర్రా లియోన్ ప్రత్యేక కోర్టు ఆయన మీద అప్పటిదాకా రహస్యంగా ఉంచిన నేరారోపణ బయటపెట్టింది. అతిథిని అరెస్టు చేయలేక ఘనా ఆయన్ని విమానం ఎక్కించి పంపేసింది. అప్పటికే లర్డ్ మన్రోవియా అంచుల్లో ఉంది. జులైలో ఈ వంతెనలకు అటు బుష్‌రాడ్ ఐలాండ్ లర్డ్‌ది, ఇటు ఊరు టేలర్‌ది. రేవు అటువైపు, అంటే బియ్యం అటువైపు. ఇటువైపు ఆకలి, మోర్టార్లు. జనం శవాలను తెచ్చి అమెరికా ఎంబసీ గేటు ముందు వరసగా పడుకోబెట్టారు. మూడు వారాల్లో టేలర్ రాజీనామా చేశాడు, బలిపశువునని చెప్పుకుంటూ. ఇప్పుడు ఆ వంతెన మీద కేకేలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. మధ్యలో ఆగితే తిట్టారు.

శనివారం, బో వాటర్‌సైడ్

మానో నది వంతెన దాటితే సియెర్రా లియోన్. స్టాంపులు, సంతకాలు, "కోల్డ్ వాటర్" పేరుతో చిల్లర. 1991 మార్చిలో టేలర్ అండతో సియెర్రా లియోన్ తిరుగుబాటు నాయకుడు ఫోడే సంకో దండు ఆర్‌యూఎఫ్ దాటిన సరిహద్దు కూడా ఇదే, ఇంకాస్త పైన. సియెర్రా లియోన్‌లోని కోనో వజ్రాలు ఇటు, తుపాకులు అటు. ఆ దండు చేతులు నరికిన మనుషుల ఫోటోలు మా డెస్కుకి వచ్చేవి, వేయలేకపోయేవాళ్లం. 2000లో కైలాహున్‌లో రెండు వందల మందికి పైగా భారత శాంతి సైనికుల్ని రెండు నెలలకు మించి చుట్టుముట్టి ఉంచింది కూడా ఆర్‌యూఎఫే. జులైలో ఆపరేషన్ ఖుక్రీతో మనవాళ్లు దారి చేసుకుని బయటపడ్డారు.

రాత్రికి ఫ్రీటౌన్.

ఆదివారం, ఫ్రీటౌన్

ప్రత్యేక కోర్టు నడిచిన ఆవరణలో ఇప్పుడు పీస్ మ్యూజియం ఉంది. టేలర్ విచారణ మాత్రం ఇక్కడ జరగలేదు. ఇక్కడ ఉంచితే మళ్లీ గొడవలు రేగుతాయన్న భయంతో 2006 జూన్‌లో హేగ్ తీసుకుపోయారు. నైజీరియాలో దాచిన మనిషి దొరికింది కూడా కామెరూన్ సరిహద్దు దగ్గర గంబోరూలో, దౌత్య నెంబరు ప్లేటు కారులో, డబ్బు మూటలతో. ప్రాసిక్యూషన్ తరఫున 94 మంది సాక్ష్యం చెప్పారు. టేలర్ తానే నెలల తరబడి బోనులో మాట్లాడాడు. పేపర్లలో పెద్దగా వచ్చింది మాత్రం మోడల్ నవోమీ క్యాంప్‌బెల్‌కి అర్ధరాత్రి ఎవరో ఇచ్చిన "మురికి రాళ్ల" గురించి, అవి టేలర్ పంపిన వజ్రాలని ప్రాసిక్యూషన్ వాదన. 2012 ఏప్రిల్ 26న పదకొండు నేరాల్లోనూ సహకరించాడని తేలింది. మే 30న 50 ఏళ్ల శిక్ష. ఇంగ్లండులోని ఫ్రాంక్లండ్ జైల్లో ఉన్నాడు. రువాండా జైలుకు మార్చమని అడిగితే కోర్టు ఒప్పుకోలేదు.

ఆ పదకొండూ సియెర్రా లియోన్‌లో జరిగిన నేరాలే. గ్బాంగా, గ్బటలా, ఆ చెక్‌పోస్టులు, ఆ చిన్నపిల్లలు, ఏదీ ఆ చార్జిషీటులో లేదు. ఆ కోర్టుకు ఆ అధికారం లేదు. లైబీరియా రెండు యుద్ధాల్లో రెండున్నర లక్షల మంది పోయారని అందరూ వాడే అంకె. అక్కడి సత్య, సయోధ్య కమిషన్ 2009లో పేర్ల జాబితాలు ఇచ్చి ప్రత్యేక కోర్టు కావాలంది. ఆ జాబితాలో మొదట్లో టేలర్‌కి డబ్బు సాయం చేసినందుకు అప్పటి అధ్యక్షురాలు సర్లీఫ్ పేరు కూడా ఉంది. నివేదిక అటకెక్కింది. టేలర్ మాజీ భార్య జ్యువెల్ 2018 నుంచి ఆరేళ్లు ఉపాధ్యక్షురాలు. 2024 మేలో అధ్యక్షుడు బోకాయ్ యుద్ధ నేరాల కోర్టు కోసం ఒక ఆఫీసు పెట్టే ఉత్తర్వు మీద సంతకం చేశాడు. నేను వెళ్లేనాటికి ఆఫీసు ఉంది, కోర్టు లేదు.

మ్యూజియం ఫోటో తమ్ముడికి వాట్సాప్‌లో పెట్టాను. "ఇక్కడ ఇలాంటిది కట్టాలంటే ఎవరి బొమ్మ ఏ గోడకు పెట్టాలన్నదాని మీదే కొట్టుకుంటారన్నయ్యా" అని రాశాడు. తర్వాత ఇంకో మెసేజ్, ఓడ లేటు, బస్తా ధర పెరిగేలా ఉందని.